ఒకటి ఆకుపచ్చ, ఒకటి గోధుమరంగు: ఈ రెండు మాంటిస్‌లలో ఏది యూరోపియన్, ఏది చైనీస్?

#1 కొత్తతోట

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ చదవడమే కానీ ఇక్కడ రాయడం ఇదే మొదటిసారి. పొదలు కత్తిరిస్తుంటే రెండు గొల్లభామలు దొరికాయి. కత్తెర తగులుతుందేమోనని భయపడి చెరో జాలీ పెట్టెలో పెట్టాను.

మొదటిది లేత ఆకుపచ్చ. తలనుంచి పొట్ట చివరిదాకా సుమారు 8 సెంటీమీటర్లు. రెక్కలు ఇంకా రాలేదు, వీపు మీద చిన్న మొగ్గల్లాంటివి ఉన్నాయంతే. రెండోది గోధుమరంగు, 7 సెంటీమీటర్ల పైచిలుకు. దీనికి రెక్కలు పూర్తిగా వచ్చేశాయి.

ఈ చుట్టుపక్కల యూరోపియన్ మాంటిస్, చైనీస్ మాంటిస్ రెండూ ఉంటాయని చదివాను. నా దగ్గరున్న వాటిలో ఏది ఏదో చెప్పగలరా? పైనుంచి తీసిన ఫోటోలు పెట్టాను.

#2 లెన్స్‌రామం

చాలా సులువు. ఆకుపచ్చది యూరోపియన్, గోధుమది చైనీస్. చైనీస్‌వి ఎక్కువగా ఎండుటాకు రంగులోనే ఉంటాయి. పదేళ్లుగా ఫోటోలు తీస్తున్నాను, ఇంత తేలికైన ప్రశ్న ఈమధ్య రాలేదు.

#3 కుబుసం

రామం గారూ, కాస్త ఆగండి. రంగు చూసి మాంటిస్ జాతి చెప్పడమంటే చొక్కా చూసి మనిషి పేరు చెప్పడమే. ఈ రెండు జాతుల్లోనూ పచ్చవీ ఉంటాయి, గోధుమవీ ఉంటాయి.

కొత్తతోట గారూ, పైనుంచి తీసిన ఫోటోలతో పనికాదు. రెండు ఫోటోలు కావాలి. ఒకటి, ముంగాలి మొదటి భాగం, అంటే భుజంలాంటి ముక్క, దాని లోపలి వైపు. రెండోది, రెండు ముంగాళ్లు ఒంటికి అతుక్కునే చోట మధ్యలో, అడుగునుంచి. పురుగును చేత్తో పట్టుకోకండి. ఓ గాజు సీసాలోకి ఎక్కనిచ్చి, అది గోడమీద పాకుతున్నప్పుడు బయటినుంచి తీయండి. దానికీ ఇబ్బంది ఉండదు, మీకూ ముళ్లు గుచ్చుకోవు.

#4 లెన్స్‌రామం

సరే, రంగు వదిలేద్దాం. సైజు మాటేమిటి? చైనీస్ పెద్దదని అందరూ ఒప్పుకునేదే కదా. 7 సెంటీమీటర్లది పెద్ద యూరోపియన్ అయినా కావచ్చు, ఇంకా ఎదగని చైనీస్ అయినా కావచ్చు.

#5 వాణి_ఆరుకాళ్లు

ఇంకా ఎదగనిది కాదు, రామం గారూ. రెక్కలు పూర్తిగా వచ్చాయంటే ఎదుగుదల అయిపోయినట్టే. ఆ తర్వాత మాంటిస్ కుబుసం విడవదు, ఒక్క మిల్లీమీటరు కూడా పెరగదు. కాబట్టి గోధుమది 7 సెంటీమీటర్ల దగ్గరే ఆగిపోయింది. రెక్కలు రాని ఆకుపచ్చది ఇప్పటికే 8 ఉంది, ఇంకో కుబుసం మిగిలే ఉంది. నా అనుమానం మీరు చెప్పినదానికి సరిగ్గా తిరగబడి ఉంది. ఫోటోలు వచ్చేదాకా నోరు విప్పను.

#6 ఊరికే_చదువరి

చిన్న సందేహం. మా ఇంట్లో పచ్చ మిడతను కూడా గొల్లభామ అనేవాళ్లు. అసలు గొల్లభామ అంటే ఏది?

#7 వాణి_ఆరుకాళ్లు

రెంటినీ అంటారు, అదే చిక్కు. అందుకే ఇక్కడ మాంటిస్ అనే రాస్తున్నాం. చుట్టరికంలో మాత్రం మాంటిస్‌కు మిడత చాలా దూరం. దగ్గరి బంధువులు బొద్దింకలు, చెదపురుగులు. చూస్తే నమ్మబుద్ధి కాదు కానీ, గుడ్లను ఓ తిత్తిలో కట్టిపెట్టే అలవాటు బొద్దింకకూ మాంటిస్‌కూ ఇద్దరికీ ఉంది.

#8 కొత్తతోట

ఫోటోలు పెట్టాను. అరగంట పట్టింది. గోధుమదానికి భుజం లోపలి వైపు గుండ్రటి నల్ల మచ్చ, మధ్యలో తెల్లటి చుక్క ఉన్నాయి. ఆకుపచ్చదానికి అలాంటిదేమీ లేదు. కానీ ముంగాళ్ల మధ్య అడుగున నిమ్మపండు రంగులో ఓ పసుపు మచ్చ ఉంది.

#9 కుబుసం

తేలిపోయింది. గోధుమది యూరోపియన్, ఆకుపచ్చది చైనీస్.

#10 లెన్స్‌రామం

😐

#11 వాణి_ఆరుకాళ్లు

ఇక నోరు విప్పొచ్చు.

ఆ కన్నులాంటి నల్ల మచ్చ యూరోపియన్ మాంటిస్ సంతకం. శాస్త్రీయ నామం మాంటిస్ రెలిజియోసా. లినేయస్ 1758లో పెట్టిన పేరు. 'మాంటిస్' అంటే గ్రీకులో సోదె చెప్పేవాడు, జోస్యుడు. ఆ మచ్చ అలంకారం కాదు. బెదిరిస్తే ముంగాళ్లు రెండూ చాచి, మచ్చలు ఎదుటివాడికి కనబడేలా నిలబడుతుంది. రెక్కలు విప్పి, పొట్టను వాటికేసి రాస్తూ బుసకొట్టినట్టు చప్పుడు కూడా చేస్తుంది. మొదటిసారి విన్నప్పుడు నేను పెట్టె వదిలేశాను.

ఆ పసుపు మచ్చది చైనీస్ మాంటిస్, టెనోడెరా సైనెన్సిస్. దీనికి పేరు పెట్టింది సస్యూర్, 1871లో. చాలాకాలం దీన్ని వేరే జాతిగా కాక టెనోడెరా అరిడిఫోలియాలో ఓ ఉపజాతిగా లెక్కపెట్టారు, అందుకే పాత పుస్తకాల్లో ఆ పేరు కనబడుతుంది. ఇంకో మెలిక ఉంది. దీనికి టెనోడెరా అంగుస్టిపెన్నిస్ అనే అన్నదమ్ముడు ఉంది, సన్నరెక్కల మాంటిస్ అంటారు. దానికీ అదే చోట మచ్చ ఉంటుంది, కాకపోతే నారింజ రంగులో. మీ ఫోటోలో ఉన్నది పసుపే అనిపిస్తోంది కానీ వెలుతురు పసుపుగా ఉంటే కెమెరా మోసం చేస్తుంది. రెక్కలు వచ్చాక వెనక రెక్కలు చూడండి. ముదురు మచ్చలతో మసకగా ఉంటే సైనెన్సిస్, దాదాపు తేటగా ఉంటే సన్నరెక్కలది.

#12 కుబుసం

వాణి గారు చెప్పినదానికి ఒక్క ముక్క కలుపుతాను. ముఖం కూడా చూడండి. చైనీస్‌దానికి ముఖం మీద నిలువు గీతలుంటాయి, యూరోపియన్‌ది సాదా ముఖం. ఇక ఈ గుర్తులన్నీ పెద్ద పురుగుల్లోనే నమ్మాలి. గుడ్డులోంచి వచ్చిన వారం రోజుల పిల్లను పట్టుకొచ్చి ఏ జాతి అని అడిగితే నేను జవాబివ్వను.

#13 కొత్తతోట

అందరికీ థాంక్స్. ఇప్పుడు అర్జంటు ప్రశ్న. రాత్రి పదింటికి చూస్తే రెండిటి కళ్లూ నల్లగా అయిపోయాయి! పగలు లేత రంగులో ఉన్నాయి. జబ్బు చేసిందా? చాలా టెన్షన్‌గా ఉంది.

#14 కుబుసం

జబ్బు కాదు, రాత్రి అయింది అంతే. చీకట్లో కాస్తంత వెలుతురును కూడా పట్టుకోవడానికి కంట్లోని రంగు సర్దుకుంటుంది. తెల్లవారితే మళ్లీ మామూలే. పడుకోండి.

#15 కొత్తతోట

తెల్లవారింది, మామూలైంది. 🙏 కానీ ఏ వైపునుంచి చూసినా కంట్లో చిన్న నల్ల చుక్క నాకేసే తిరుగుతోంది. నన్నే చూస్తున్నట్టుంది.

#16 వాణి_ఆరుకాళ్లు

ఆ చుక్క కంటిపాప కాదు. మాంటిస్ కన్ను వేల చిన్న కళ్ల కట్ట. వాటిలో సరిగ్గా మీ వైపు గురిపెట్టినవి వెలుతురును మింగేస్తాయి, తిరిగి పంపవు. అందుకని ఆ చోటు నల్లగా కనబడుతుంది. మీరు జరిగితే వేరే కళ్లు మీ వంతుకు వస్తాయి, చుక్క జరిగినట్టు అనిపిస్తుంది.

అయితే నిజంగా చూడటం కూడా చూస్తుంది లెండి. కీటకాల్లో దూరాన్ని రెండు కళ్లతో కలిపి లెక్కకట్టగలదని రుజువైంది మాంటిస్‌కే. ఇంగ్లండ్‌లోని న్యూకాసిల్ విశ్వవిద్యాలయంలో వాటికి తేనెమైనంతో చిట్టి త్రీడీ కళ్లజోళ్లు అతికించి, సినిమా చూపించి మరీ పరీక్షించారు. అది ఇంకో ఆఫ్రికన్ జాతి మీద చేసిన పని, మన రెండిటి మీద కాదు.

#17 ఊరికే_చదువరి

మాంటిస్‌కు త్రీడీ కళ్లజోడా! ఇక ఈ చర్చ వదలను.

#18 కొత్తతోట

(ఆరు రోజుల తర్వాత)

చైనీస్‌ది రెండు రోజులుగా తిండి ముట్టడం లేదు. ఈగ ముందునుంచి పోయినా పట్టించుకోవట్లేదు. పైకప్పుకు తలకిందులుగా వేలాడుతోంది. వీపు మీది మొగ్గలు ఉబ్బినట్టున్నాయి. ఏం చేయమంటారు?

#19 కుబుసం

ఏమీ చేయకండి. అదే చేయాల్సిన పని. ఆఖరి కుబుసం విడవబోతోంది. పెట్టెలో మిగిలిన ఈగలన్నీ తీసేయండి, ఆ సమయంలో కీచురాయి ఒక్కటి వచ్చి కొరికినా చచ్చిపోతుంది. కాస్త నీళ్లు చిలకరించి వదిలేయండి. పెట్టె ఎత్తు ఎంత? పురుగు పొడవుకు మూడు రెట్లు ఉండాలి. తలకిందులుగా వేలాడుతూ పాత చర్మంలోంచి జారి బయటికొస్తుంది, కింద చోటు చాలకపోతే మెత్తటి కాళ్లు నేలకు తగిలి వంకరపోతాయి. ఇది ఆఖరిది కాబట్టి ఇప్పుడు వంకరపోతే దిద్దుకోవడానికి ఇంకో కుబుసం లేదు.

యూరోపియన్ మాంటిస్‌ను పెంచినప్పుడు నేను పొట్టి పెట్టె వాడి ఒకదాన్ని అలాగే పోగొట్టుకున్నాను. ఇప్పటికీ గుర్తొస్తే బాధే. చైనీస్‌కైతే ఈ విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి, ఒళ్లు పొడుగు కదా.

#20 కొత్తతోట

ఎత్తు 30 సెంటీమీటర్లు. సరిపోతుందనుకుంటా. ముట్టుకోను.

#21 కొత్తతోట

అయిపోయింది!! తెల్లవారుజామున లేచి చూస్తే సగం బయటికొచ్చి ఉంది. ఓ అరగంట అలాగే వేలాడి, ఒక్కసారి ఒళ్లు వంచి పాత చర్మాన్ని పట్టుకుని బయటికి లాక్కుంది. రెక్కలు మొదట నలిగిన కాగితంలా ఉన్నాయి, తర్వాత మెల్లగా విచ్చుకున్నాయి.

అసలు విషయం వినండి. ఇప్పుడది ఆకుపచ్చగా లేదు. గోధుమరంగు! ముందు రెక్కల అంచు వెంబడి మాత్రం ఆకుపచ్చ గీత మిగిలింది. వెనక రెక్కలు ముదురు మచ్చలతో మసకగా ఉన్నాయి. కొలిస్తే దాదాపు 10 సెంటీమీటర్లు.

#22 లెన్స్‌రామం

ఒప్పుకుంటున్నాను. పదేళ్ల ఫోటోల సంచికి కొత్త పేర్లు రాసుకోవాలి. ఆకుపచ్చ అంచు ఉన్న గోధుమ రెక్క చైనీస్‌ది అని నేను సరిగ్గానే చెప్పేవాణ్ని, కానీ అదే పురుగు వారం కిందట పచ్చగా ఉండి ఉండొచ్చని తట్టలేదు.

#23 వాణి_ఆరుకాళ్లు

మసక రెక్కలు కాబట్టి సైనెన్సిసే, ఖాయం. రామం గారూ, మీ ఒప్పుకోలు ఫ్రేమ్ కట్టించుకుంటాం. 😄

#24 ఊరికే_చదువరి

రెండూ ఆడవేనా? ఎలా తెలుస్తుంది? ఇంకో మాట, ఆడది మగదాన్ని తినేస్తుందంటారు కదా, ఈ రెండు జాతుల్లో ఏది ఎక్కువ రాక్షసి?

#25 కుబుసం

పొట్ట అడుగున కట్టులు లెక్కపెట్టండి. ఆడదానికి ఆరు కనబడతాయి, మగదానికి ఎనిమిది. మగది సన్నగా, మీసాలు పొడుగ్గా ఉంటుంది. కొత్తతోట గారి సీసా ఫోటోల్లో రెండూ ఆడవే.

రెండో ప్రశ్న వాణి గారికి వదిలేస్తున్నాను, ఆవిడకు ఈ విషయం ఇష్టం.

#26 వాణి_ఆరుకాళ్లు

ఇష్టమే మరి. తమాషా ఏమిటంటే ఈ విషయంలో మనకు తెలిసినదాంట్లో చాలా భాగం సరిగ్గా ఈ రెండు జాతుల మీదనుంచే వచ్చింది.

తల పోయిన మగ యూరోపియన్ మాంటిస్ కూడా జతకట్టడం కొనసాగిస్తుందని 1935లో కెన్నెత్ రోడర్ చూపించాడు. పొట్టలోని నాడీ ముడులు ఆ పని సొంతంగా చేసుకోగలవు. తలలోని ముడి మామూలుగా వాటికి కళ్లెం వేసి ఉంచుతుంది. తల తెగితే కళ్లెం తెగినట్టే. దీంతో 'మగది తల ఇచ్చుకోవడానికే పుట్టింది' అనే కథ ఊరూరా పాకింది.

1980ల్లో చైనీస్ మాంటిస్‌ల మీద పనిచేసినవాళ్లు ఆ కథకు గండి కొట్టారు. ఆడవాటిని కడుపునిండా మేపి, మనుషులు పక్కన నిలబడకుండా కెమెరాతో చూశారు. పాత ప్రయోగాల్లో కనబడిన మారణకాండ లేదు. పైగా మగది నిమిషాల తరబడి నెమ్మదిగా, ఆడది తల తిప్పితే కదలకుండా ఆగిపోతూ దగ్గరికి వస్తుంది. చావడానికి ఉబలాటపడేవాడు అలా నడవడు. ఆకలితో ఉన్న ఆడదంటే ఇంకా ఎక్కువ జాగ్రత్తపడతాడు.

అలాగని కథ మొత్తం అబద్ధమూ కాదు. 2016లో మళ్లీ చైనీస్ మాంటిస్‌తోనే, మగవాటి ఒంట్లో రేడియోధార్మిక గుర్తు పెట్టి చూశారు. తిన్న ఆడది ఎక్కువ గుడ్లు పెట్టింది, మగవాడి ఒంట్లోని పదార్థం ఆ గుడ్లలోకి చేరింది. అంటే పోయినవాడు పిల్లలకు తిండైపోయాడు. 'ఏది ఎక్కువ రాక్షసి' అంటే, ఆకలిగా ఉన్నది.

#27 ఊరికే_చదువరి

ఇది చదివాక మా ఆవిడకు వేళకు భోజనం పెట్టాలని నిర్ణయించుకున్నాను.

#28 మోడరేటర్

😄 సరే కానీ విషయం మీదే ఉందాం.

#29 తోటమాలి_రెండు

ఆలస్యంగా వచ్చాను. నాకు కావాల్సింది ఒక్కటే, తోటలో పురుగులు తగ్గాలంటే ఏది మేలు? చైనీస్‌వాటి గుడ్ల గూళ్లు అమ్ముతారు కూడా. తెచ్చి కట్టేద్దామనుకుంటున్నాను.

#30 కుబుసం

రెండూ మేలు కాదు అంటే కోప్పడకండి. మాంటిస్‌కు మీ శత్రువెవరో, మిత్రుడెవరో తెలియదు. తేనెటీగ దొరికితే తేనెటీగ, సీతాకోకచిలుక దొరికితే సీతాకోకచిలుక. పెద్ద మాంటిస్‌కు పేనుబంక కంటికి ఆనదు, పసిపిల్లలైతే తింటాయి. అవి బయటికొచ్చిన కొన్నాళ్లకే ఒకదాన్నొకటి తిని, మిగిలినవి చెల్లాచెదురవుతాయి.

#31 వాణి_ఆరుకాళ్లు

చైనీస్‌ది మరీ పెద్దది, అందుకే వేట కూడా పెద్దది. ఉత్తర అమెరికాలో తేనెపిట్టల కోసం వేలాడదీసిన తీపినీళ్ల సీసాల దగ్గర కాపుకాసి పిట్టలనే పట్టిన సందర్భాలున్నాయి. 2017లో ప్రపంచమంతటి నుంచీ ఇలాంటివి పోగుచేస్తే 147 తేలాయి, 13 దేశాల్లో. వాటిలో ఎక్కువ అమెరికాలోనివే, చనిపోయినవి ఎక్కువగా హమ్మింగ్ బర్డ్‌లే.

ఇంకోటి. మోనార్క్ సీతాకోకచిలుక గొంగళిలో జిల్లేడు కుటుంబం మొక్కల విషం ఉంటుంది కదా, చాలా ప్రాణులు దాన్ని ముట్టవు. చైనీస్ మాంటిస్ దాన్ని పట్టి, పేగులు బయటికి లాగి పారేసి, మిగతాది తింటుంది. విషం లేని గొంగళినైతే పేగులతో సహా తినేస్తుంది. చేపను బాగుచేసినంత నేర్పు!

ఉత్తర అమెరికాలో ఈ రెండూ పరాయివే. చైనీస్‌ది 1896లో ఫిలడెల్ఫియా దగ్గర, యూరోపియన్‌ది 1899లో రోచెస్టర్ దగ్గర కనబడ్డాయి, నర్సరీ మొక్కల వెంట వచ్చాయంటారు. అక్కడి సొంత జాతి కరోలినా మాంటిస్ ఈ పెద్దవాళ్ల నోట పడుతోంది. అయినా కనెక్టికట్ రాష్ట్రం 1977లో యూరోపియన్ మాంటిస్‌ను తమ రాష్ట్ర కీటకంగా ప్రకటించుకుంది, అదో తమాషా. కాబట్టి తోటమాలి గారూ, గూళ్లు కొని ఎక్కడపడితే అక్కడ కట్టకండి. ఉన్నవాటికి మందు కొట్టకుండా ఉంటే చాలు.

#32 తోటమాలి_రెండు

కాస్త నిరాశే. అయినా పిట్ట సంగతి విన్నాక కొనే ధైర్యం లేదు.

#33 లెన్స్‌రామం

నాదో ప్రశ్న, ఈసారి వినయంగా. రాత్రుళ్లు దీపం దగ్గర నాకు దొరికేవన్నీ మగవే. ఎందుకు?

#34 వాణి_ఆరుకాళ్లు

ఎగిరేవి మగవే కాబట్టి. గుడ్లతో బరువెక్కిన ఆడది, ఏ జాతిదైనా, ఎగరడం దాదాపు మానేస్తుంది. మగవి ఆడవాటి వాసన పట్టుకుని రాత్రిపూట తిరుగుతాయి. ఆ వేళకు గబ్బిలాలూ తిరుగుతాయి. అందుకే మాంటిస్‌కు ఛాతీ అడుగున, కాళ్ల మధ్య, ఒకే ఒక్క చెవి ఉంది. మన చెవికి అందని గబ్బిలాల కూత దానికి వినబడుతుంది. వినగానే గిరికీ కొట్టి కిందికి దూకుతుంది. ఈ ఒంటిచెవి సంగతి 1986లో బయటపడింది, అదీ యూరోపియన్ మాంటిస్‌లోనే.

#35 కొత్తతోట

(మూడు వారాల తర్వాత)

చైనీస్‌దాన్ని దొరికిన పొదలోనే వదిలేశాను, మగ్గిపోతున్నట్టు అనిపించి. యూరోపియన్‌ది నిన్న రాత్రి గుడ్లు పెట్టింది! పుల్ల మొదట్లో, దాదాపు నేలకు ఆనుకుని. పొడుగ్గా, లేత గోధుమరంగులో, మధ్యలో జిప్పు కుట్టినట్టు గీత. ఫోటో పెట్టాను.

#36 కుబుసం

ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. చైనీస్‌ది పెట్టి ఉంటే ఎండిన నురుగు ముద్దలా గుండ్రంగా, కొమ్మమీద కాస్త ఎత్తులో ఉండేది. యూరోపియన్‌ది పొడుగు, తక్కువ ఎత్తు. రాళ్లకు కూడా అంటిస్తుంది.

#37 కొత్తతోట

ఇవి పొదుగుతాయా? నా దగ్గర మగది లేదు కదా. జతకట్టకపోయినా గుడ్లు పెడతాయని చదివాను.

#38 వాణి_ఆరుకాళ్లు

పెడతాయి, అవి గొడ్డు గుడ్లే. కానీ మీ గోధుమది మీకు దొరికేటప్పటికే రెక్కలు వచ్చి ఉంది, గుర్తుందా? బయట తిరిగిన పెద్ద ఆడది. అప్పటికే జతకట్టి ఉండొచ్చు. చైనీస్‌ది రెక్కలు రాకముందు దొరికింది, దాని విషయంలో అయితే ఆశ ఉండేది కాదు.

#39 కుబుసం

గూడును వెచ్చటి గదిలో పెట్టకండి. యూరోపియన్‌దానికి చలికాలం గుడ్డులో నిద్రపోవడం అవసరం, ఆ చలి పడితేనే వేళకు లేస్తాయి. పుల్లతో సహా బయట నీడలో కట్టండి, చుట్టూ జాలీ వదులుగా. బిగిస్తే పిల్లలు ఇరుక్కుంటాయి. చిల్లుల్లోంచి బుల్లి కందిరీగలు వస్తే బాధపడకండి, వాటికీ ఈ గూళ్లే పుట్టిల్లు.

#40 లెన్స్‌రామం

పిల్లలు వస్తే ఏ జాతో నన్ను అడగొద్దు.

#41 కొత్తతోట

పుల్లను పాత పొద పక్కనే కట్టాను. తల్లి మాత్రం నెమ్మదించింది, ఈగను పట్టి కూడా జారవిడుస్తోంది. దాన్ని కిటికీ దగ్గర ఎండలో పెట్టాను. చలి తగ్గాక గూడు సంగతి ఇక్కడే రాస్తాను.